జామ హల్వా చెయ్యి

మా పార్కులో నాలుగు ఇనప బల్లలున్నాయి. మూడింటి మీద మామూలు మనుషులు కూర్చుంటారు. నాలుగోదాని మీద, చుట్టూతా, కొండొకచో దాని వీపు మీద కూడా మేం కూర్చుంటాం. చక్కెర మిల్లు పది గంటల సైరన్ కూస్తే మొదలుపెట్టి భోజనాల సైరన్ దాకా బేస్‌బాల్ గురించి అరుచుకుంటాం. ఊళ్ళోవాళ్ళు దానికి వేడి మూల అని పేరు పెట్టారు. అక్కడ ఎవరూ ఎవర్నీ ఇంతవరకూ ఒప్పించింది లేదు. అందుకే మర్నాడు మళ్ళీ వస్తాం.

నా పేరు ఫెర్మిన్. చెప్పులు కుట్టడం నా వృత్తి. మా శాన్ తెల్మో మిల్లు జట్టు బూట్లూ, చేతి తొడుగులూ బాగుచేసేది నేనే కాబట్టి ఆట గురించి నాకు మిగతావాళ్ళకంటే కాస్త ఎక్కువే తెలుసు. ఈ సంగతి ఒప్పుకోని మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు, ఎవారిస్తో. చెరుకు బళ్ళు తూచే కాటా దగ్గర నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఒకసారి అంకె చెప్పాక మార్చడమనేది ఆ ఉద్యోగంలో లేదు. అదే అలవాటు నోటికీ వచ్చింది. ముప్పై ఏళ్ళలో ఆ బల్ల దగ్గర అన్న మాట వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు.

మా ఇద్దరి గొడవ బదులు పిచ్చర్ల గురించి. పిచ్చర్ అంటే బంతి విసిరేవాడు. ఆట మొదలుపెట్టినవాడి చెయ్యి అలిసిపోతే బదులు ఇంకొకణ్ణి దింపాలి. ఎవర్ని దింపాలి, ఎప్పుడు దింపాలి అన్నదాని మీద కాపురాలు కూలిన ఊరు మాది. బ్యాటరు ఎడంచేతివాడైతే ఎడంచేతి పిచ్చర్నే దింపాలి, వాడి బంతి అతనికి సరిగ్గా కనబడి చావదు అని నా వాదన. ఎవారిస్తోది వేరే లెక్క. బేసుల మీద, అంటే పరుగు దారిలోని మజిలీల మీద, ప్రత్యర్థులు నిలబడి ఉన్నప్పుడు బ్యాటరు ఎవడైనా సరే, కావలసింది వేగం. మెల్లగా వంకరలు తిరిగే బంతులు పెళ్ళిళ్ళలో పిల్లల్ని ఆడించడానికి పనికొస్తాయి.

ఈ వాదం ఇలాగే హాయిగా ఇంకో ముప్పై ఏళ్ళు సాగేది. కానీ మా జట్టులో ఉన్న ఒకే ఒక్క ఎడంచేతి బదులు పిచ్చర్, మెల్లగా వంకర బంతులు వేసే రిగోబెర్తో, ఎవారిస్తో కూతురు మిగ్దాలియాని పెళ్ళి చేసుకున్నాడు. ఊరంతా రిగో అని పిలిచే ఆ కుర్రాడు పొడుగ్గా, తగ్గుస్వరంతో, ఎవరేమన్నా నవ్వేసేలా ఉంటాడు. అలాంటి మనిషి ఎవారిస్తోకి ఎలా నచ్చుతాడు? తిరిగి అరవనివాడితో ఏం మాట్లాడాలో అతనికి తెలియదు.

సీజన్ మొదట్లో ఓ రోజు మేం మామూలుగానే కొట్టుకుంటున్నాం. నేను రిగో పేరెత్తాను. ఎవారిస్తోకి ఓ అలవాటుంది, ఎవర్ని తిడితే వాళ్ళది ఏ చేతివాటమో తన ఆ జబ్బే చరుచుకుంటాడు. ఆ రోజు కూడా ఎడం జబ్బ మీద ఫట్‌ఫట్‌మని చరుచుకుంటూ, "అది చెయ్యి కాదురా ఫెర్మిన్, జామ హల్వా. ఎండలో పెడితే కారిపోద్ది" అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్న పాతికమంది పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను, దాచడం ఎందుకు. ఆ మాట సైకిలెక్కి ఊరంతా తిరిగి, బేకరీలో పిండి కలుపుతున్న మిగ్దాలియా దగ్గరికి తండ్రికంటే ముందే చేరింది. వారం తిరిగేసరికి రిగో పేరు జామ హల్వా అయిపోయింది. పక్క ఊరి జట్టు ఆడటానికొస్తే వాళ్ళ జనం ఖాళీ హల్వా డబ్బాలు తెచ్చి వాయించారు. అది వింటూ రిగో గురి తప్పి, వరసగా నలుగురికి ఊరికే బేసులు ధారపోశాడు. ఆ తర్వాత మేనేజరు సెవెరినో అతన్ని మళ్ళీ దింపలేదు. పద్నాలుగు ఆటలు కూర్చోబెట్టాడు.

మిగ్దాలియా ఏడవలేదు. పిండి చేతులతోనే తండ్రి గుమ్మం ముందుకొచ్చి నిలబడి, "అదే బల్ల దగ్గర, అదే మనుషుల ముందు ఆ మాట వెనక్కి తీసుకో. అప్పటిదాకా నీ గుమ్మం తొక్కను" అని వెళ్ళిపోయింది. తల్లి లేని పిల్ల. పెళ్ళయ్యాక కూడా ప్రతి ఆదివారం వచ్చి తండ్రికి నల్ల చిక్కుళ్ళు, అన్నం, పంది వేపుడు వండిపెట్టి, వారానికి సరిపడా కబుర్లు చెప్పి వెళ్ళేది. అవన్నీ ఆగిపోయాయి. ఎవారిస్తో ఆదివారాలు దుంపలు ఉడకేసుకుని, ఉప్పు వేశాడో లేదో కూడా మరిచిపోయి తినేవాడు. నాకెలా తెలుసంటే, ఆ దుంపలు రెండు వారాలు నేనూ తిన్నాను.

"ఒక్కమాట కదరా, అనేసి చావు" అని చెప్పి చూశాను.

"అనొచ్చు. కానీ అబద్ధం ఎలా అంటాను? వాడి చెయ్యి నిజంగానే బాలేదు కదా" అన్నాడు. ఆ మనిషిని నేను కొట్టనిది నా వయసు వల్లే.

ఆ ఏడాది మా జట్టు ఫైనల్‌కి వెళ్ళింది. ఏడు ఆటల ఫైనల్‌లో లా పలోమా మిల్లూ మేమూ చెరో మూడు గెలిచాం. ఏడోది ఆదివారం మధ్యాహ్నం, మా ఊళ్ళోనే. శనివారం పొద్దున సెవెరినో వేడి మూలకి స్వయంగా వచ్చాడు. మేనేజర్లు అటువైపు రారు, ప్రాణం మీద తీపి ఉంటుంది కదా. వచ్చి ఎవారిస్తోని పక్కకి పిలిచి, సైగలు అందించే పని చెయ్యమని అడిగాడు.

దాని సంగతి చెప్పాలి. బదులు పిచ్చర్లు చేతులు వేడి చేసుకునే చోటుని దొడ్డి అంటారు. మిగతా ఊళ్ళలో దొడ్డి మైదానం పక్కనే ఉంటుంది. మా ఊళ్ళో మాత్రం చోటు చాలక గ్యాలరీ వెనక, చక్కెర గోడౌన్ గోడ పక్కన కట్టారు. అక్కణ్ణుంచి మైదానం కనబడదు, గ్యాలరీ పైవరస మాత్రం కనబడుతుంది. అందుకని మేనేజరు మైదానంలో నిలబడి కుడిచెయ్యి ముట్టుకుంటే, పైవరసలో ఉన్న మనిషి లేచి వెనక్కి తిరిగి తన కుడిచెయ్యి ముట్టుకుంటాడు. కుడిచేతి పిచ్చరు పరుగెత్తుకొస్తాడు. ఎడమ ముట్టుకుంటే ఎడంచేతివాడు. ఎప్పుడూ ఆ పని చేసేది మిల్లు సైరన్ వేసే మనిషి, అతను గవదబిళ్ళలు లేచి మంచమెక్కాడు. ముప్పై ఏళ్ళుగా పైవరసలో కూర్చుంటున్నది ఎవారిస్తోనే.

"ఒక్కటే షరతు. సైగలు అందించేవాడు వాదించకూడదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చోవాలి" అన్నాడు సెవెరినో. ఆ మూడు గంటలు ఆ నోరు మూయించడానికే పని ఇచ్చాడని నాకు అప్పుడే అర్థమైంది. ఎవారిస్తోకి మాత్రం అర్థం కాలేదు. పొంగిపోయాడు. ముప్పై ఏళ్ళు బయట నిలబడి అరిచినవాణ్ణి మొదటిసారి లోపలికి పిలిచారు మరి. ఆ రాత్రి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడట.

ఆదివారం ఎనిమిది ఇన్నింగ్స్ పాటు ఎవారిస్తో బొమ్మలా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీదే. నేను పక్కనే కూర్చుని చేతనైనంత గిల్లాను. పిచ్చర్ని ఆరో ఇన్నింగ్స్‌లోనే మార్చాల్సిందన్నాను, ఏడులో మార్చకపోవడం నేరమన్నాను. మెడ నరాలు ఉబ్బాయి కానీ నోరు విప్పలేదు. ఇది చూడ్డానికే వచ్చినట్టుగా నాకు ఆనందంగా ఉంది.

తొమ్మిదోది ఆఖరి ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు ముందున్నాం. మా పిచ్చరు చెయ్యి తేలిపోయింది. లా పలోమా వాళ్ళలో ఒకడు అవుటయ్యాడు, ముగ్గురు మూడు బేసులూ ఎక్కి కూర్చున్నారు. ఇక రాబోయేది గోయో. తలుపంత మనిషి, ఎడంచేతి బ్యాటరు. అంతకుముందు ఆటలో అతను కొట్టిన బంతి ఒకటి మిల్లు వాళ్ళకి ఇంకా దొరకలేదు.

సెవెరినో మైదానం మధ్యకి నడిచాడు, పిచ్చరు చేతిలోంచి బంతి తీసుకున్నాడు, గ్యాలరీ వైపు చూసి కుడిచెయ్యి ముట్టుకున్నాడు. అంటే అర్కాదియో. వేగంగా విసిరే కుడిచేతివాడు. సరిగ్గా ఎవారిస్తో ముప్పై ఏళ్ళుగా కోరుకున్న మనిషి.

ఎవారిస్తో లేచాడు. పెళ్ళికొడుకులా చొక్కా సర్దుకుని దొడ్డి వైపు తిరిగాడు. నేనుండలేకపోయాను.

"గోయోది ఎడంచెయ్యిరా. రిగోనే పిలవాలి. ఇది చిన్నపిల్లాడికైనా తెలుసు" అన్నాను.

ఎనిమిది ఇన్నింగ్స్ లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. "పుర్రచేతివాణ్ణా? బేసులన్నీ నిండి ఉంటే ఆ జామ హల్వానా? వాణ్ణి పిలిచేకంటే నేను దిగి విసరడం నయం" అంటూ ఎడం జబ్బ మీద ఫట్, ఫట్, ఫట్ అని మూడుసార్లు చరిచాడు.

మొహం దొడ్డి వైపే ఉందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. అతను గబగబా కుడి జబ్బ చరిచాడు. మళ్ళీ చరిచాడు. నేను కూడా లేచి నా కుడి జబ్బ చరిచాను, ఎందుకో నాకు తెలియదు. మా ముందువరసలో ఒకావిడ ఇదేదో కొత్త రకం ఉత్సాహమనుకుని తనూ చరుచుకుంది. దొడ్డిలో ఒక్క అర్కాదియో, అతని బంతులు పట్టే క్యాచరూ కనబడ్డారు. రిగో లేడు.

అతను అప్పటికే పక్క గేటులోంచి పరుగెత్తి అంపైరు దగ్గరికి వెళ్ళి పేరు చెప్పేశాడు. మైకులో ఆ పేరు వినబడింది. ఒకసారి అంపైరు ఒప్పుకున్నాక కొత్త పిచ్చరు కనీసం ఒక్క బ్యాటరుకైనా బంతి వెయ్యకుండా వెనక్కి వెళ్ళడానికి లేదు. సెవెరినో తిరిగి చూశాడు. ఎడంచేతివాడు ఎదురుగా నిలబడి బంతి ఇమ్మని తొడుగు చాపుతున్నాడు. సెవెరినో పైవరసకేసి చూసిన చూపుని నేను వర్ణించను. ఎవారిస్తో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

మొదటి బంతిని గోయో ఎంత గట్టిగా కొట్టాడంటే మూడు బేసుల మీదివాళ్ళూ సంబరంగా చేతులు పైకెత్తారు. గాలికో, మా మంచికో, గీత బయట వెంట్రుకవాసిలో పడింది, లెక్కలోకి రాదు. జనం ఊపిరి వదిలారు. లా పలోమా జనం హల్వా డబ్బాలు తీశారు. రెండోది మెల్లగా వచ్చింది. ఎంత మెల్లగా అంటే గోయో దానికోసం ఆగలేక ముందే బ్యాటు తిప్పేశాడు. బంతి బ్యాటు అంచుకి తగిలి నేలమీద దొర్లుకుంటూ నేరుగా రిగో చేతిలోకే వచ్చింది. అతను క్యాచరుకి విసిరాడు, ఒక అవుటు. క్యాచరు మొదటి బేసుకి విసిరాడు, ఇంకో అవుటు. ముందువాడితో కలిపి మూడు అవుట్లూ అయ్యాయి. ఆట అయిపోయింది. మేం ఛాంపియన్లం.

నేను ఎవరెవర్ని కావలించుకున్నానో చెప్పలేను. ఎవారిస్తో మాత్రం కదల్లేదు. జనం అతని దగ్గరికి కూడా వచ్చి భుజాలు తట్టారు. అల్లుడి మీద పంతం పక్కన పెట్టి ఎడమ సైగ ఇచ్చాడట, ఎంత పెద్ద మనసట. అతను నోరు తెరవబోతే వినిపించుకునేవాడు లేడు. కింద సెవెరినో జిల్లా రేడియోవాళ్ళతో, పొద్దున్న గడ్డం గీసుకుంటున్నప్పుడే రిగోని దింపాలని నిర్ణయించుకున్నానని చెబుతున్నాడు. నిజం తెలిసింది ఎవారిస్తోకీ, సెవెరినోకీ, నాకే. సెవెరినో చచ్చినా చెప్పడు.

ఇంటికి నడుస్తూ ఎవారిస్తోకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నోరు మూసుకుని ఊరుకో, అమ్మాయి దానంతటదే తిరిగొస్తుంది, మాట వెనక్కి తీసుకున్నట్టూ ఉంటుంది, తీసుకోనట్టూ ఉంటుంది అన్నాను.

"నేను చెప్పింది ఎడమ కాదు కదరా" అన్నాడు.

"నువ్వు చెప్పలేదు. నీ చెయ్యి చెప్పింది. దాని పుణ్యం తిను."

అతను రెండు చేతులూ మార్చి మార్చి చూసుకుంటూ నడిచాడు. 

సోమవారం పది గంటల సైరన్‌కి వేడి మూల కిటకిటలాడుతోంది. మిగ్దాలియా వచ్చింది. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె, వెనకాల రిగో. మావాళ్ళు అతనికి చప్పట్లు కొట్టారు. హల్వా అన్న మాట ఒక్కడి నోట్లోంచి రాలేదు. అవే నోళ్ళు. మిగ్దాలియా తిన్నగా తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, నిన్న సైగ చేశావట. నోటితో తీసుకోకపోయినా చేత్తో తీసుకున్నావులే. నాకది చాలు. చిక్కుళ్ళు వండి తెచ్చాను, పద మనింటికి" అంది.

ఎవారిస్తో కళ్ళు గిన్నె మీదికి వెళ్ళాయి. నాలుగు నెలలుగా ఉడకేసిన దుంపలు తిన్న మనిషి. నేను అతని కాలు తొక్కాను. లేవడమొక్కటే చెయ్యాల్సింది. లేచాడు కూడా. లేచి, తొక్కిన కాలు విడిపించుకుని, అందరికీ వినబడేలా మాట్లాడాడు.

"ఆగమ్మా. నేను సైగ చెయ్యలేదు. సెవెరినో అడిగింది కుడిచేతివాణ్ణి. నేను పిలవబోయింది కూడా వాణ్ణే. ఈ ఫెర్మిన్‌గాడు నీ మొగుడి పేరెత్తితే వద్దురా అని తిడుతూ జబ్బ చరుచుకున్నాను. నిన్న కూడా అదే మాటన్నాను, జామ హల్వా అని. వీడు పొరబాటున వచ్చాడు. నువ్వు తెచ్చింది ఆ సైగకైతే, అది తినే హక్కు నాకు లేదు."

 మిగ్దాలియా గిన్నెని గుండెకి అదుముకుంది. పెదవులు బిగించింది, వెనక్కి తిరిగింది. నాకు ఆ మనిషిని అక్కడే చెప్పు తీసుకుని కొట్టాలనిపించింది. ఒక్క ముద్ద అబద్ధం మింగలేకపోయాడు.

రిగో ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను పొరబాటున రాలేదు మామయ్యా. మీరు తిడుతున్నారని నాకు తెలుసు" అన్నాడు.

ఎవారిస్తో అర్థం కానట్టు చూశాడు.

"సైగ చేసేవాళ్ళు చెయ్యి ముట్టుకుంటారు. అంత గట్టిగా చరుచుకునేది మీరొక్కరే, అదీ నన్ను తిట్టేటప్పుడే. ఈ బల్ల ముందునుంచి రోజూ పనికి వెళ్తాను, నాకు తెలీదా? పైన మీ నోరు కదలడం కూడా చూశాను."

"మరెందుకు వచ్చావురా?"

రిగో నవ్వబోయాడు, కుదరలేదు. "పద్నాలుగు ఆటలు కూర్చున్నాను మామయ్యా. ఒక్కళ్ళూ పిలవలేదు. పోనీ తిట్టయినా, నా చేతి పేరే కదా ఎత్తారు అనుకున్నాను. మీరు రెండో చెయ్యి చరిచేలోగా పరుగెత్తేశాను."

ఎవరూ నవ్వలేదు. నేను తలదించుకున్నాను. ఆ పేరుకి అందరికంటే ముందు నవ్వినవాళ్ళలో నేనొకణ్ణి. ఎవారిస్తో టోపీ తీశాడు. బట్టతల మీద చెయ్యి రాసుకున్నాడు. ఏం చెప్పాలో వెతుక్కుంటున్న ఎవారిస్తోని చూడటం నాకు భయంగా అనిపించింది.

"అందరూ వినండి. వీడి చెయ్యి జామ హల్వా అన్నాను. తప్పు. పిచ్చి మాట. అది వెనక్కి తీసుకుంటున్నాను" అన్నాడు. తర్వాత అందరికీ కాదు, నాకు ఒక్కడికే చెబుతున్నట్టు అన్నాడు. "వీడు బంతి వేసినప్పుడల్లా నేను నీకేసి తిరిగి వాదిస్తూనే ఉన్నానురా ఫెర్మిన్. నిన్న భయపడి నోరు పడిపోయింది కాబట్టి చూశాను. వీడు జట్టులోకొచ్చిన ఈ రెండేళ్ళలో, వీడు విసరడం నేను చూసింది నిన్నే."

మిగ్దాలియా గిన్నెని రిగో చేతికిచ్చి తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "పద నాన్నా, చల్లారిపోతోంది" అంది.  ముగ్గురూ పార్కు దాటి, బేకరీ పక్క సందులోకి తిరిగారు. ఎవారిస్తో ఎంతసేపూ వినడమే, రిగో చెబుతున్నాడు. వేళ్ళతో బంతి ఎలా పట్టుకుంటాడో గాలిలో చూపిస్తున్నాడు. ముసలాయన ఆగి, వంగి, ఆ ఖాళీ చేతిలోకి చూస్తున్నాడు.

మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే పనులు గుర్తొచ్చినట్టు జారుకున్నారు. నేను బల్ల మీద కూర్చుండిపోయాను. ఎడంచేతి బ్యాటరుకి ఎడంచేతి పిచ్చరే సరైనవాడు. ముప్పై ఏళ్ళ వాదం, ఊరంతటి ముందూ నేనే గెలిచాను. ఆ మాట అనడానికి పక్కకి తిరిగాను. అక్కడ ఎవరూ లేరు.